వేలెడు సందు

చెంచమ్మ రోజూ పొద్దున దొరవారిసత్రంలో రైలెక్కి సూళ్లూరుపేటలో దిగుతుంది. స్టేషను వెనకున్న రూఫస్ వడ్రంగి షెడ్డు చేరేసరికి ఎనిమిదవుతుంది. రాగానే వెనక వరసలో నిలబెట్టిన నాలుగు బీరువాల్లో మూడోదాని దగ్గరికి పోయి, తలుపు సందులో చెయ్యి పెట్టి గుడ్డు తీస్తుంది. షెడ్డులో తిరిగే ఎర్రకోడి గుడ్డు అది. మూతపడని బీరువా కన్నా కోడికి మంచి చోటేముంటుంది?

ఆ నాలుగు తలుపులూ మూడు నెలలుగా మూతపడలేదు. ఒకదానికి వేలెడు సందు, మూడోదానికి కోడి దూరేంత. తప్పు చెక్కదీ కాదు, బందులదీ కాదు. ఆ షెడ్డు బీరువాలకి రూఫస్ నాన్న తిమోతి కాలం నుంచీ ఒకటే గుణం. చేసినవాళ్ళ కూలి సరిగ్గా లెక్క కడితేనే తలుపు పడుతుంది. తిమోతి ఉన్నన్నాళ్ళూ ఇబ్బంది రాలేదు. ఆదివారం చర్చిలో పాటల పుస్తకం తప్ప ఆయన చేతిలో కాగితం చూసినవాళ్ళు లేరు. పని పూర్తయ్యాక తలుపు మీద అరచెయ్యి ఆనించి, ఎవరు ఎంత కష్టపడ్డారో పేరుపేరునా చెప్పి, ఒక ధర అనేవాడు. టక్కున తలుపు పడేది. ఆ చప్పుడు విని ఎదురు కొట్టతను టీలు పంపేవాడు. అప్పట్లో అల్లం దంచి వేసేవాడు. ఇప్పుడేదో పొడి వేస్తున్నాడు, ఆ సంగతి వదిలేద్దాం.

తిమోతి పోయినేడు పోయాడు. ఆ అరచెయ్యి రూఫస్‌కి రాలేదు. అందుకని బీరువాలు గీసే సాఫ్ట్‌వేర్ ఒకటి కొన్నాడు. చెల్లెలు ఏంజెలిన్ దాని ముందు కూర్చుంది. బొమ్మ గీస్తే చెక్క ఎంత, మరలు ఎన్ని, ఏ పనికి ఎన్ని నిమిషాలు, నిమిషానికి ఎంత కూలి, అన్నీ కలిపి అదే ధర చెబుతుంది. అది వచ్చినప్పటి నుంచే తలుపులు పడడం మానేశాయి.

ఆ శనివారం నరేంద్రబాబు పదకొండింటి రైలుకి చెన్నై నుంచి వస్తున్నాడు. ఊళ్ళో ఆయన కట్టించిన లాడ్జికి ఇరవైనాలుగు టేకు బీరువాలు కావాలి. నమూనా నచ్చితే పని ఇక్కడ, లేకుంటే చెన్నైలో. ఒక్కోటి ఇరవై ఒక్క వేలు దాటకూడదని ముందే చెప్పాడు. ఈ పని పోతే షెడ్డుకి తాళం వెయ్యాల్సిందే. నమూనా బీరువా మధ్యలో అద్దంలా మెరుస్తూ నిలబడి ఉంది. తలుపుకి వేలెడు సందు.

"కోతకి నలభై నిమిషాలు పెట్టినా. యాభై చేస్తా, అన్నా," అంది ఏంజెలిన్.

చేసింది. తలుపు కిర్రుమని ఇంకాస్త తెరుచుకుంది.

"ఎక్కువైంది! తగ్గించు మే!" అన్నాడు రూఫస్.

తగ్గిస్తే మళ్ళీ వేలెడు దగ్గరికొచ్చి ఆగింది. బిగింపు నిమిషాలు మార్చారు, రంధ్రాల నిమిషాలు మార్చారు. తొమ్మిదిన్నరయింది. రూఫస్ చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"మీ నాయనయితే ఈపాటికి టీ తాగుతుండేవాడు," అంది మూల కూర్చుని సొరుగు నున్న చేస్తున్న చెంచమ్మ.

"సోమవారం నుంచి కంపెనీ పనికని బస్సెక్కేదానివి, నీకు నవ్వులాటగానే ఉంటాదిలే అక్కా," అన్నాడు రూఫస్.

"నవ్వులాట ఏందబ్బయా? కొత్త లెక్కొచ్చినాక నాకొచ్చేది సగమైంది. ఆ బస్సోళ్ళు గంటకింతని ఇస్తారంట."

రూఫస్ తల తిప్పుకున్నాడు. ఆమె లాంటి చెయ్యి మళ్ళీ దొరకదని తెలుసు. కానీ ముందు తలుపు పడాలి. పదిన్నరకి ఇక దారి తోచక, నాన్నలాగే తలుపు మీద అరచెయ్యి ఆనించాడు.

"మొత్తం పైనుంచి చదువు."

ఏంజెలిన్ చదివింది. చెక్క. మరలు. బందులు. ఇత్తడి పిడులు ఆరు. "ఉప్పుకాగితం, నాలుగు షీట్లు."

అరచేతి కింద తలుపు జరిగింది.

"మళ్ళీ చదువు."

"ఉప్పుకాగితం..." తలుపు మళ్ళీ జరిగింది.

"అది సరుకే కదా! దాంట్లో కూలేముంది?"

ఏంజెలిన్ గొంతు తగ్గింది. "నున్న చేసే పనికి దీంట్లో గడి లేదన్నా. అక్క కూలి కాయితం ధరలోనే కలిపేసినా, షీటుకింతని. నువ్వు శనివారం శనివారం ఇచ్చేది అదే."

వేరేవాళ్ళు ఒక బీరువాకి డజను షీట్లు అరగదీస్తారు. చెంచమ్మకి నాలుగు చాలు. ఆ తర్వాత వాళ్ళ నాయన ఇచ్చిన ఎండు సొరచేప తోలు ముక్కతో రుద్దుతుంది. పులికాట్ ఒడ్డున పడవల తెడ్లని అట్లానే నున్న చేసేవాళ్ళు. పనితనం ఎక్కువైనకొద్దీ కాగితం తగ్గింది. కాగితం తగ్గినకొద్దీ కూలి తగ్గింది.

రూఫస్ ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. "అక్కా, దీనికి ఎంతసేపు పట్టింది?"

"నాకు నిమిషాలు తెలవవు. నిన్న పది గంటల పాసింజరు పొయ్యేటప్పుడు పట్టుకున్నా. కూడు తిన్నా. నాలుగింటి టీ వచ్చిందాకా రుద్దతానే ఉండా."

ఏంజెలిన్ కాగితం ధరలో కలిపింది తీసేసి, కూలి పట్టీలో కొత్త గడి చేసి, "నునుపు, చెంచమ్మ" అని రాసి, మూడు వందల నిమిషాలు పెట్టింది.

టక్.

ముగ్గురూ ఊపిరి వదిలారు. ఏంజెలిన్ తెర చూసి నోరు నొక్కుకుంది. "ఇరవై ఒక్క వేల ఏడు వందలు. దాటిపోయిందన్నా. తీసెయ్యనా?"

స్టేషనులో రైలు కూత పెట్టింది. రూఫస్ తలుపు వంక చూశాడు, చెంచమ్మ వంక చూశాడు.

"ఉండనీ."

నరేంద్రబాబు వచ్చాడు. తలుపు తీసి వేశాడు. వేళ్ళతో తడిమాడు, చెంప ఆనించి వంపు చూశాడు. తర్వాత ధర చూసి మొహం ముడిచాడు.

"నేను చెప్పిందేమి, మీరు రాసిందేమి? ఈ నునుపు వరస సగం చెయ్యమ్మా."

ఏంజెలిన్ ఆ అంకెని సగానికి మార్చింది. నొక్కింది. ఎవరూ ముట్టకుండానే తలుపు వేలెడు తెరుచుకుంది.

నరేంద్రబాబు సందులో వేలు పెట్టి చూశాడు.

"మా ఊరు సంగంలో మా మేనత్త బీరువా ఇట్టాంటిదే," అన్నాడు. "మా మామ పదేళ్ళకి గానీ వడ్రంగికి లెక్క తేల్చలా. పదేళ్ళూ ఎలకలే." జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "దాన్ని మళ్ళీ పెట్టెయ్యి. ఇత్తడి పిడులు తీసేసి స్టీలువి వెయ్యి. ఎంతొచ్చింది?"

"ఇరవై వేల తొమ్మిది వందలు సార్."

తలుపు మళ్ళీ టక్కున పడింది. ఆయన సంతకం పెట్టాడు.

సాయంత్రం ఏంజెలిన్ పాత నాలుగు బీరువాల లెక్కలు తెరిచి, ఒక్కోదాంట్లో చెంచమ్మ నిమిషాలు రాసింది. రూఫస్ ఆ తేడా డబ్బు ఆమె చేతిలో పెట్టాడు. వెనక వరసలో టక్, టక్, టక్, టక్. నాలుగూ పడ్డాయి. బయట చిక్కుకుపోయిన కోడి మూడోదాని ముందు అటూ ఇటూ తిరుగుతూ ఒకటే గోల.

ఉండిపొమ్మని అడగడం రూఫస్‌కి చేతకాలేదు. "సోమవారం దీనికి తలుపెవరు తీస్తారక్కా?" అన్నాడు.

చెంచమ్మ చెప్పులేసుకుని రైలుకి పోయింది.

సోమవారం స్టేషను మలుపులో కంపెనీ బస్సు ఆగింది. రెండుసార్లు హారన్ కొట్టింది. షెడ్డులో చెంచమ్మ మూడో బీరువా తలుపు తీసి పట్టుకుని నిలబడింది. కోడి ఏ తొందరా లేకుండా, ఒక్కో అడుగే వేసుకుంటూ లోపలికి పోయింది.