కారణం రాయవలసిన గడి

1991 ఫిబ్రవరి 18, సోమవారం, ఉదయం ఐదూ నలభైకి ఖరగ్‌పూర్‌లోని నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలో జ్ఞానరత్నం కుడి మణికట్టు విరిగింది. విరగ్గొట్టింది ఆమె భర్త ఆమోసు. సన్నికల్లు మీది పొత్రంతో కొట్టాడు. మోచెయ్యి కదలకుండా పట్టుకున్నది కొడుకు విల్‌ఫ్రెడ్. పొత్రానికి అప్పటికింకా కొబ్బరి పచ్చడి అంటుకునే ఉంది.

ఆమెకు యాభై ఐదేళ్లు. తెలుగు పిల్లలు చదివే రైల్వే బడికి ప్రధానోపాధ్యాయురాలు. ఉద్యోగంలో చేరి ముప్పై మూడేళ్ల ఎనిమిది నెలలు. ఆ కుర్చీలో కూర్చుని రెండేళ్ల ఏడు నెలలు. 1993 జూన్ 30న రిటైర్మెంటు. ఆమోసు వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి మూడేళ్ల కిందట రిటైరయ్యాడు. అప్పటినుంచి క్వార్టరు జ్ఞానరత్నం పేరు మీద ఉంది. తలుపు మీది పలకపై మాత్రం ఆమోసు పేరే ఉంది.

ఖరగ్‌పూర్‌లో ఒక సంగతి తెలియని తెలుగిల్లు లేదు. రైల్వే ఉద్యోగి సర్వీసులో ఉండగానే ఇక పనికి రారని డాక్టర్ల బోర్డు తేలిస్తే, ఆ ఇంట్లో బిడ్డకు ఉద్యోగం ఇవ్వొచ్చు. నిజంగా చూపు పోయినవాళ్ల పిల్లలకు అలా వచ్చాయి. చూపు ఉండి కూడా ఆసుపత్రి గోడ మీది అక్షరాలను తప్పుగా చదివినవాళ్లు ఉన్నారని పూరీ గేట్ దగ్గర టీ కొట్లో చెప్పుకుంటారు. ఆమోసు రోజూ అక్కడ కూర్చుంటాడు. విల్‌ఫ్రెడ్ మూడుసార్లు రైల్వే పరీక్ష రాసి తప్పాడు. ఆగస్టు దాటితే వయసు దాటిపోతుంది.

కళ్లద్దాలు మార్చుకోడానికి జ్ఞానరత్నం జనవరిలో రైల్వే ఆసుపత్రికి వెళ్లవలసి వచ్చింది. ముందురోజు ఆమోసు కంచం ముందు కూర్చుని విషయం చెప్పాడు. "కింద రెండు వరసలూ కనబడ్డం లేదని సెప్పు. అంతే. నిన్ను సచ్చిపొమ్మన్నానేటి?"

ఆమె అలాగే చెయ్యాలనుకునే ఆసుపత్రికి వెళ్లింది. కుర్చీలో కూర్చుంది. ఎడమకన్ను మూసుకుని పైనుంచి చదవడం మొదలుపెట్టింది. కింది వరస దగ్గరికి వచ్చినప్పుడు ఆగుదామనే అనుకుంది. ఆగలేకపోయింది. చివరి అక్షరం దాకా చదివేసింది. డాక్టరు పాత అద్దాలే చాలన్నాడు. ఇంటికి వచ్చే దారిలో అదేమీ ధైర్యం కాదని తనకు తనే చెప్పుకుంది. తెలిసిన అక్షరాన్ని తెలియదన్న పిల్లల అరచేతుల మీద ముప్పై మూడేళ్లపాటు బెత్తంతో కొట్టిన మనిషి తను. ఇప్పుడు అదే అబద్ధం నోటికి రాలేదు, అంతే. ఆ సాయంత్రం ఆమోసు చెంప మీద రెండు దెబ్బలు కొట్టాడు. పెళ్లయిన ఏడాది నుంచి కొడుతున్నాడు కాబట్టి ఆమె దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. 1962లో కర్ణభేరి పగిలింది. 1971లో కడుపులో ఉన్న బిడ్డ పోయింది. 1984లో పన్ను ఊడింది. మూడుసార్లూ ఆసుపత్రి కాయితంలో కారణం ఒకటే: బాత్రూంలో జారిపడడం.

ఆమెకు ఆ కుర్చీ ఎందుకు కావాలో ఆమోసు ఎప్పుడూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పగలిగేది. ఆమె కళ్ల ముందు నలుగురు హెడ్‌మాస్టర్లు వచ్చి వెళ్లారు. నలుగురి టైంటేబుళ్లూ ఆమే వేసింది. ఇన్‌స్పెక్షన్ వస్తోందంటే రిజిస్టర్లు ఇంటికి తెచ్చుకుని, అన్నం వార్చి, అత్తగారి కాళ్లకు నూనె రాసి, అప్పుడు రాసేది. పొద్దున్న హెడ్‌మాస్టరు వాటి కింద సంతకం పెట్టేవాడు. 1979లో మల్లికార్జునరావు వచ్చాడు, ఆమె కంటే పదకొండేళ్లు చిన్నవాడు. వరసలో ఆమే ముందుండాలి కదా అంటే, మగపిల్లలను అదుపు చెయ్యడం ఆడవాళ్ల వల్ల కాదని పైనుంచి మాట వచ్చింది. పదో తరగతి మగపిల్లలను అదుపు చెయ్యవలసి వచ్చినప్పుడల్లా మల్లికార్జునరావు ఆమె దగ్గరికే పంపేవాడు. ఇన్‌స్పెక్టర్లు వస్తే టీ కూడా ఆమెనే పెట్టమనేవాడు, మీ చేతి టీ బాగుంటుందండీ అని. నలుగురి వీడ్కోలు సభలకూ పులిహోర ఆమే కలిపింది. 1988 జులైలో ఆ కుర్చీ ఖాళీ అయినప్పుడు ఆమెకు ముందు పెట్టడానికి మగవాళ్లెవరూ మిగల్లేదు. ఆర్డరు తెచ్చుకున్న రోజు అత్త ఎస్తేరమ్మ మంచంలోంచే అంది, బడికి పెద్దమ్మయితే ఇంట్లో పొయ్యి దానంతటదే రాజుకుంటాదా అని. ఎస్తేరమ్మ ఆ ఏడాదే పోయింది. ఆ మాట మాత్రం ఆమోసు నోట్లోకి మారింది. యాభై ఎనిమిది నిండితే అందరిలాగే తనూ వెళ్లాలని జ్ఞానరత్నానికి తెలుసు. వెళ్లి కూర్చోవలసిన ఇల్లు ఇదేనని కూడా తెలుసు. అందుకే బడిలో మిగిలిన రోజుల్లో ఒక్కటీ వదులుకోదలచుకోలేదు.

ఫిబ్రవరి 17 ఆదివారం, చర్చి నుంచి వచ్చాక, బోర్డుకు అర్జీ పెట్టనని, చివరి రోజు దాకా పని చేస్తానని తండ్రీకొడుకులకు చెప్పింది. ఇద్దరూ తల ఊపారు. అన్నం తిన్నారు. కూర బాగుందని విల్‌ఫ్రెడ్ అన్నాడు. అతను అలా అనడం చాలా రోజుల తర్వాత అదే.

పొద్దున్న ఆమె సన్నికల్లు ముందు గొంతుక్కూర్చుని పచ్చడి నూరుతోంది. విల్‌ఫ్రెడ్ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆమోసు వంగి పొత్రాన్ని ఆమె చేతుల్లోంచి తీసుకున్నాడు. సాయం చేస్తున్నాడనుకుంది. చేతులు కడుక్కోడానికి లేవబోయింది.

"సెయ్యి సాపు" అన్నాడు ఆమోసు.

బడిలో ఆమె అనే మాట అది. ఆమె చాపలేదు. విల్‌ఫ్రెడ్ మోచెయ్యి పట్టుకుని సన్నికల్లు మీద ఆనించాడు. మొదటి దెబ్బ అరచేతి మీద పడింది. "సేతి ఏళ్లు కాదు. కీలు" అన్నాడు ఆమోసు కొడుకుతో, వర్క్‌షాపులో పక్కవాడికి పని చెప్పినట్టు. "ఇలా ఒంపి పట్టు." విల్‌ఫ్రెడ్ ఒంపి పట్టాడు. వదల్లేదు. రెండో దెబ్బకు ఎముక చప్పుడైంది. మూడోది దాని మీదే పడింది. ఆమె అరవడం వెనక వరస క్వార్టర్లో ఉండే ఎలీసమ్మకు వినబడింది. ఎలీసమ్మ అదే బడిలో టీచరు. ఆమె పెరటి తలుపు తోసుకుని వచ్చేసరికి ఆమోసు కొళాయి కింద పొత్రాన్ని కడుగుతున్నాడు.

ఆసుపత్రికి రిక్షాలో తీసుకెళ్లింది ఆమోసే. గుంతలు వచ్చినప్పుడల్లా రిక్షావాడితో "సంభాల్‌కే, దాదా" అని జాగ్రత్త చెప్పాడు. ఆమె చేసంచి తన ఒళ్లో పెట్టుకున్నాడు. ఎలీసమ్మ వెనక రిక్షాలో వచ్చింది. సగం దారిలో ఆమోసు ముందుకు చూస్తూ చెప్పాడు, బాత్రూంలో జారినావు, గుర్తెట్టుకో అని. కొంచెం దూరం పోయాక, ఆడికి నౌకరీ వస్తే నీకే కదే సుకం, అని కూడా అన్నాడు. ఆమె చేతివైపు చూసుకుంది. మణికట్టు దగ్గర చెయ్యి పక్కకు తిరిగి ఉంది. సుద్దముక్క పట్టుకునే వేళ్లు ఆమె చెప్పినా కదలడం లేదు.

దెబ్బలు తగిలినవాళ్ల గదిలో నర్సు ఆలిస్ ఫారం తీసింది. ఆలిస్ జ్ఞానరత్నం దగ్గర చదువుకున్న పిల్ల. పేరు, వయసు, ఉద్యోగం అడక్కుండానే రాసింది. తర్వాతి గడి దగ్గర పెన్ను ఆగింది.

"కారణం ఏటి రాయమంటారు, టీచరమ్మా?"

"బాత్రూంలో జారి పడిపోనాది" అన్నాడు ఆమోసు.

ఆలిస్ రాయబోయింది. బెంచీ మీద కూర్చున్న ఎలీసమ్మ తల దించుకుంది. జ్ఞానరత్నం ఆ దించిన తలను చూసింది. 1989 నవంబరులో ఎలీసమ్మ పెదవి చీలి, కన్ను వాచి బడికి వచ్చింది. రెండు రోజుల సెలవు ఫారం తెచ్చింది. కారణం అనే గడి ఖాళీగా వదిలేసింది. అలా వదలకూడదమ్మా అని, ఆ గడిలో ఏం రాయాలో జ్ఞానరత్నమే చెప్పి రాయించింది. జారిపడినందున. ఎలీసమ్మ తప్పు రాస్తే దిద్దింది కూడా. సంతకం పెట్టి ఇచ్చేసింది. తను నేర్చుకున్న జవాబు అదొక్కటే గనక అదే నేర్పింది. ఇప్పుడు ఆలిస్ చేత కూడా అదే రాయిస్తే, జారి చెయ్యి విరిగింది, ఇక పనికి రాదని బోర్డు తేల్చేస్తుంది; ఇరవై ఎనిమిది నెలలు మిగిలిన కుర్చీని కొడుకు ఉద్యోగం కోసం వదిలేసినట్టే. ఏం జరిగిందని రేపు ఎవరూ అడగరు. కాయితమే మాట్లాడుతుంది.

"ఆలిస్, నేను సెప్తాను, రాయి. డిక్టేషనులా మెల్లిగా సెప్తాను" అంది.

చెప్పింది. భర్త ఆమోసు పొత్రంతో మూడుసార్లు కొట్టాడు. కొడుకు విల్‌ఫ్రెడ్ చెయ్యి పట్టుకున్నాడు. సమయం ఐదూ నలభై. ప్రతి వాక్యం తర్వాత, ఆలిస్ చిన్నప్పుడు బడిలో ఆగినట్టే, ఆ పిల్ల రాసేదాకా ఆగింది.

"మందు మత్తులో వాగతంది" అన్నాడు ఆమోసు.

"ఇంకా మందేటీ ఇవ్వలేదు, మావా" అంది ఆలిస్, తలెత్తకుండా.

ఫారం చదివిన డాక్టరమ్మ పోలీసులకు కబురు పంపింది. తొమ్మిదీ ఇరవైకి కానిస్టేబులు వచ్చాడు. ఆమోసును ఆసుపత్రి వరండాలోంచి, విల్‌ఫ్రెడ్‌ను ఇంటి దగ్గరనుంచి తీసుకెళ్లారు. శుక్రవారం ఇద్దరికీ బెయిలు వచ్చింది. క్వార్టరుకు వచ్చి చూస్తే తాళం కొత్తది. తలుపు మీద పలక లేదు. మేకులు రెండూ ఉన్నాయి. ఆమోసు తలుపును కాసేపు తన్నాడు. పక్క క్వార్టర్లవాళ్లు బయటికి వచ్చి నిలబడ్డాక, ఇద్దరూ పూరీ గేట్ దగ్గర ఆమోసు చెల్లెలింటికి వెళ్లారు.

తర్వాతి ఆదివారం సంఘపెద్ద దావీదు వచ్చాడు. కుర్చీ అంచున కూర్చుని చాలాసేపు వాతావరణం గురించి, పిల్లల పరీక్షల గురించి మాట్లాడాడు. విల్‌ఫ్రెడ్ బతుకు పాడైపోతుందని, రాసిన మాట ఒక్కటి మార్చి జారిపడ్డానంటే కేసు పోతుందని, ఇంత వయసొచ్చాక ఒంటరిగా ఎలా ఉంటావని అన్నాడు. కట్టుచెయ్యి ఒళ్లో పెట్టుకుని ఆమె విన్నది.

"శమించాల కదా, సెల్లీ" అన్నాడు చివరికి.

"క్షమిస్తాను, అన్నయ్యా. కాయితం మార్చను."

సెలవులో ఉన్న ఏడు వారాలూ ఎడమచేత్తో రాయడం నేర్చుకుంది. నాలుగు గీతల కాపీ పుస్తకాలు కొనుక్కుంది. అ నుంచి మొదలుపెట్టింది. సాయంత్రాలు ఎలీసమ్మ వచ్చి ఎర్రసిరాతో దిద్దేది. మొదటి పుస్తకంలో మూడు పేజీలు కొట్టేసి మళ్లీ రాయమంది. "మీరయితే బెత్తం తీద్దురు, మేడమ్" అంది. ఆ ఇంట్లో ఇద్దరూ నవ్వడం అదే మొదటిసారి. మార్చి 9 మధ్యాహ్నం విల్‌ఫ్రెడ్ గోడ దూకి వచ్చాడు. ఆమె జుట్టు పట్టుకుని తల రెండుసార్లు గోడకు కొట్టాడు. తన వయసు దాటిపోతోందని అరిచాడు. గిన్నెలు విసిరాడు. బల్ల మీదున్న కాపీ పుస్తకాలు నాలుగూ చింపాడు. ఐదోదాన్ని దిద్దడానికి ఎలీసమ్మ అంతకుముందే తీసుకెళ్లింది. జ్ఞానరత్నం కణత మీద మూడు కుట్లు పడ్డాయి. ఆసుపత్రిలో ఈసారి కారణాన్ని ఆమే రాసింది. అక్షరాలు గీతలు దాటాయి. విల్‌ఫ్రెడ్ బెయిలు రద్దయింది.

ఏప్రిల్ 8న డాక్టర్ల బోర్డు ఆమెను చూసింది. ముగ్గురు కూర్చున్నారు. కుడి మణికట్టు సగమే వంగుతోందని, అంతకంటే వంగదని రాసుకున్నారు. ఒకాయన హిందీలో మర్యాదగానే అడిగాడు, దీదీ, వయసయింది, మిగిలింది రెండేళ్లే, హాయిగా ఇంట్లో విశ్రాంతి తీసుకోకూడదా అని. పనికి రారని రాసెయ్యడానికి ఆ చెయ్యి చాలు. ఆ ఒక్క మాట కోసమే దాన్ని విరిచారని ఆమెకు తెలుసు.

ఆమె ఒక కాయితం అడిగింది. ఎడమచేత్తో తన పేరు, హోదా, బడి పేరు, ఆనాటి తేదీ రాసింది. దాని కింద ఆ వారం ఆరో తరగతి టైంటేబులు గళ్లు గీసి నింపింది. పదకొండు నిమిషాలు పట్టింది. ముగ్గురూ ఆగారు. ఫిట్ సర్టిఫికెట్ మీద ఆ మధ్యాహ్నమే స్టాంపు పడింది. 9వ తేదీ ఉదయం ఆమె బడిలో చేరింది.

1991 జులై 15 నాటి ఒక సెలవు ఫారం ఆ బడి ఫైలులో ఉంది. అడిగింది ఎలీసమ్మ, రెండు రోజులు. కారణం అనే గడిలో ఆమె దస్తూరీలోనే ఇలా ఉంది: నా భర్త ఏలియా బెల్టుతో కొట్టినాడు. కింద మంజూరు అని, దాని పక్కన ప్రధానోపాధ్యాయురాలి సంతకం. అది ఎడమచేత్తో పెట్టినది.