నల్లగౌను

"ఆ నల్లగౌను విప్పవే. తినేవాళ్లకి ముద్ద దిగదు," అన్నాడు మొగుడు ప్లినియో, గుర్రం మీద జీను బిగిస్తూ.

ఎనెర్సిదా విప్పింది. పూలగౌను తొడుక్కుని, చెవి పక్కన మందారం పెట్టుకుంది. తల్లి పోయి తొమ్మిదో రోజు; ఆ నలుపు అందుకే. సాయంత్రం తీరం ఊళ్లో, తల్లి ఇంట్లో, ఆఖరి ప్రార్థన. అది అయ్యాక కొవ్వొత్తులార్పి, పీఠం మీది తెల్లగుడ్డ కూతురు మడవాలి. అప్పుడుగానీ పోయిన మనిషి ఆత్మ ఇల్లు విడిచి వెళ్లదు. ఆ తల్లికి ఎనెర్సిదా ఒక్కతే కూతురు.

"భోజనాలయ్యాక నేనూ లారీలో వస్తా. నాకో చోటు ఉంచు."

"ఉంచుతాలే. ముందు కోళ్ల సంగతి చూడు."

టూరిస్టులు దిగారు. ప్లినియో వాళ్లను గుర్రాలెక్కించి, బురద దారిలో జలపాతానికి నడిపించుకుపోయాడు. వాళ్లు స్నానాలాడి ఆకలితో తిరిగొచ్చేసరికి కొబ్బరిపాలలో ఉడికిన కోడి, అన్నం, వేయించిన అరటికాయ బల్ల మీద ఉండాలి. తిన్నాక లారీలో సముద్రానికి. సమనా కొండల్లోని ఈ గుర్రాల మకాంలో ఏళ్లుగా రోజూ ఇదే. ఆ లారీ రోజూ తల్లి గుమ్మం ముందునుంచే పోతుంది. రోజూ ఎనెర్సిదా గిన్నెలు తోముతూ దాని దుమ్ము చూసింది. వచ్చే వారం చూద్దాం, రద్దీ తగ్గనీ, మీ అమ్మ ఎక్కడికి పోతుంది అనేవాడు ప్లినియో. ముసలిది చేపలు తిని రాయిలా ఉంది, నిన్నేం తలుచుకోదు అనేది అత్త. లారీ చప్పుడైతే చాలు, తల్లి గుమ్మంలోకి వచ్చి నిలబడేదట. ప్లినియోనే నవ్వుతూ చెప్పాడు. టూరిస్టులు ఆమెకు చేతులూపేవారట. ఆమె వచ్చింది వాళ్ల కోసం కాదని ఆ లారీలో అతనొక్కడికే తెలుసు.

భోజనాలయ్యాయి. ఎనెర్సిదా రోట్లో కాఫీగింజలు దంచింది. వాళ్లు తాగే పొడి నిన్ననే దంచి పెట్టింది. ఇది ఫోటోల కోసం.

"నవ్వవే," అన్నాడు ప్లినియో. నవ్వింది.

నల్లగౌను చంకన పెట్టుకుని లారీ దగ్గరికి పరిగెత్తింది. ఆమె చోటులో ఐస్ పెట్టె ఉంది.

"అది కింద పెట్టొచ్చుగా?"

"వాళ్లు కాళ్లెక్కడ పెట్టుకుంటారు? రమ్ము చల్లగా లేకపోతే నన్ను నమిలేస్తారు. రేపు పో."

"రేపు ప్రార్థన ఉంటుందా?"

"దేవుడెక్కడికీ పోడులే."

లారీ కదిలింది. టూరిస్టులు ఎనెర్సిదాకు చేతులూపారు.

ఆమె నడిచింది. దారిలో పొదల చాటున గౌను మార్చుకుంది. తల్లి ఇల్లు చేరేసరికి ఆడవాళ్లు కుర్చీలు పేరుస్తున్నారు.

"చాలాసేపు చూశామమ్మా," అంది పక్కింటి ముసలామె. "చీకటి పడుతోందని నేనే మడిచేశాను." తెల్లగుడ్డ ఎనెర్సిదా చేతిలో పెట్టింది. తీరం నుంచి ప్లినియో పాటలపెట్టె మోత వినిపిస్తోంది.

మరునాడు ఎనెర్సిదా నల్లగౌనుతోనే వడ్డించింది.

"ఏడాదంతా ఇలా కాకిలా తిరుగుతావా?" అంది అత్త.

కాఫీ దంచుతుంటే ఒక టూరిస్టు ఆడమనిషి దగ్గరికి వచ్చింది. ఆమెకు ఇక్కడి మాట నాలుగు ముక్కలు వచ్చు.

"నలుపు... అయ్యో. ఎవరు పోయారు?"

రోకలి ఆగింది. కాఫీ పళ్లెం పట్టుకుని ప్లినియో పక్కనే ఉన్నాడు.

"మా ఆయన," అంది ఎనెర్సిదా.

ప్లినియో వాళ్ల భాషలో ఏదో అన్నాడు. బల్ల చుట్టూ అందరూ పగలబడి నవ్వారు. ఒకడు ఫోటో తీశాడు.

ఎనెర్సిదా మళ్లీ దంచసాగింది. తల్లికైతే నలుపు ఒక్క ఏడాదే. మొగుడికైతే ఇక విప్పే పనే లేదు.