మనుషులు దిగితే రాయి ఎక్కే రైలు

సముద్రపు గుట్ట మీది పాత కోటకు ఒకప్పుడు రాళ్ళు మోసిన వాలు రైలును బాగుచెయ్యడానికి, రిటైరైన ఇంజినీరు జనార్దనరావుకు నాలుగేళ్ళు పట్టింది. దానికి మోటారు లేదు. ఒకే తాడుకు రెండు ట్రాలీలు. పైదాంట్లో మనుషులు కూర్చుని దిగితే కిందిదాంట్లో రాయి ఎక్కుతుంది. ఈ సాయంత్రంలోగా ఒక్క రాయి పైకి చేరి, అది చూసి ఇన్‌స్పెక్టర్ డగ్లస్ సంతకం పెట్టాలి. లేకపోతే సోమవారం పట్టాలు పీకేస్తారు.

జనార్దనరావుతో కలిపి, ఆ క్రాన్‌బర్న్ ఊళ్ళో స్థిరపడ్డ ఎనిమిది మంది తెలుగువాళ్ళు పైట్రాలీ ఎక్కారు. కదల్లేదు. రాయి పైకి వచ్చాక వెనక్కి జారకుండా దాని ట్రాలీకి కొక్కెం తగిలించాల్సిన శ్రీపతి పక్కన నిలబడి చూస్తున్నాడు.

"మీరొక్కరే అక్కడేం చేస్తారు అంకుల్, రండి, జరుగుతాం," అంది బిందుమాధవి.

పిలిచాక రాకపోతే బాగుండదని శ్రీపతి ఎక్కాడు. అయినా కదల్లేదు.

"పాపం డగ్లస్‌ని వదిలేస్తామా? కమ్ మేట్, ప్లెంటీ ఆఫ్ రూమ్," అన్నాడు పవన్.

రూమేమీ లేదు. డగ్లస్ సగం పవన్ ఒళ్ళో కూర్చున్నాడు. అప్పుడు కదిలింది. దారిలో రాయి ఎదురొస్తే అందరూ చప్పట్లు కొట్టారు.

కింద ఆగగానే శ్రీపతి లేవబోయాడు. తాడు కిర్రుమంది.

"కూర్చోవయ్యా," అన్నాడు జనార్దనరావు. "పైన కొక్కెం ఎవరు తగిలించారు?"

తగిలించాల్సినవాడూ, చూడాల్సినవాడూ ఇక్కడే ఉన్నారు. ఒక్కరు దిగినా రాయి వెనక్కి వచ్చేస్తుంది.

"సో, హౌ లాంగ్ డూ వీ సిట్?" అన్నాడు డగ్లస్.

జనార్దనరావు భార్య శ్యామసుందరి, మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేక, పులిహోర గిన్నెలతో కిందే ఉండిపోయింది. ఆయన ఆమెకేసి చూశాడు.

"నా యాభై ఎనిమిది కిలోలకు బదులు ఎవరైనా కూర్చుంటే, నేను ఎక్కి తగిలించి వస్తాను."

ముప్ఫై ఏళ్ళుగా ఆమె చెప్పే బరువు యాభై రెండు. ట్రాలీలో అందరూ సముద్రంలో ఏదో కనిపించినట్టు అటు తిరిగారు.

"కూర్చుంటాను," అంది శ్యామసుందరి కుచ్చిళ్ళు సర్దుకుంటూ. "లెక్కలు మాత్రం అడక్కండి."

ఆమె ఎక్కింది. ఆయన దిగాడు. ట్రాలీ వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

"నన్నేం చూస్తారు, వెళ్ళండి."

ఆయన రెండొందల మెట్లెక్కి కొక్కెం తగిలించి చెయ్యి ఊపాడు. డగ్లస్ రొప్పుతూ పైకొచ్చి, రాయి చుట్టూ ఓసారి తిరిగి, సంతకం పెట్టాడు.

జనార్దనరావు దిగి వచ్చేసరికి అందరూ పులిహోర దగ్గర ఉన్నారు. శ్యామసుందరి ఇంకా ట్రాలీలోనే ఉంది.

"దిగవేం?"

"నేను లేస్తే తాడు కిర్రుమంటుంది. వాళ్ళను తిని వెళ్ళనివ్వండి."