ఆరో గేరు

మా తమ్ముడు చిన్నోడు ఇంజిన్ పగలగొట్టాడన్న కబురు కారు కంటే ముందే నా షెడ్డుకు చేరింది. టాక్సీ స్టాండులో ఇలాంటి కబుర్లంటే అందరూ చెవి కోసుకుంటారు. ఫోన్ మీద ఫోన్. "రాకెట్ పేలిందటగా అక్కా?" అని ఒకడి వెటకారం. ఫోన్ తీసుకెళ్ళి స్పానర్ల డబ్బాలో పడేసి నా పని నేను చూసుకున్నాను.

ఆ కారు మా అన్నయ్యకూ తమ్ముడికీ ఉమ్మడి బతుకుతెరువు. పొద్దున పూట అన్నయ్య నడుపుతాడు, మధ్యాహ్నం నుంచి చిన్నోడు. కింద స్టాండులో మనుషుల్ని ఎక్కించుకుని కొండ మీది డ్యామ్ కాలనీలో దించి రావడం పని. నేను వాళ్ళిద్దరి మధ్య పుట్టినదాన్ని. నాకూ మా ఆయనకూ ఇంజిన్లు విప్పే షెడ్డు ఉంది. ఆయన లేతు మిషను దగ్గర ఉంటాడు, నేను ఇంజిన్లలో తలదూర్చి ఉంటాను.

స్టాండులో అన్నయ్య పేరు పాలగిన్నె. ఒళ్ళో పాలగిన్నె పెట్టుకుని కూర్చున్నా చుక్క తొణకదని. చిన్నోడి పేరు రాకెట్. ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పక్కర్లేదు. గేరు మార్చే ముందు ఇంజిన్ చేత ఒక అరుపు అరిపించకపోతే వాడికి తిన్నది అరగదు. డ్యామ్ కాలనీ ముసలమ్మలు కనుక్కుని మరీ అన్నయ్య ఉన్న పూటే కిందికి దిగుతారు.

అన్నయ్యకు ఆ కారంటే ప్రాణం. నాన్న పోయాక మమ్మల్నిద్దర్నీ పెంచింది అన్నయ్యే. మమ్మల్ని ఎలా పెంచాడో కారునూ అలాగే పెంచాడు, జాగ్రత్తగా, నోరెత్తనివ్వకుండా. కారుతో వచ్చిన పుస్తకంలోని లెక్కలన్నీ కంఠతా పట్టాడు. పధ్నాలుగు వందల సీసీ, నాలుగు సిలిండర్లు, టర్బో, నూట నలభై గుర్రాల బలం. అన్నింటికంటే ఆయనకు ఇష్టమైన అంకె ఇంకొకటి ఉంది. "నిమిషానికి పదిహేను వందల చుట్లు, ఆ ఆర్‌పీఎం దగ్గరే టార్క్, అదే లాగే బలం, మొత్తం వచ్చేస్తుందమ్మా. మామూలు పెట్రోలు ఇంజిన్‌కైతే నాలుగు వేలు దాటాలి. టర్బో అంటే అదీ. ఇక దాన్ని గుంజి ఏడిపించడమెందుకు?" అనేవాడు. ఘాట్ రోడ్డు మొదట్లోనే ఆరో గేరులో వేసి, చప్పుడు లేకుండా పైకి ఎక్కించేవాడు. బండి నిండా జనం ఉన్నా అంతే.

ఆ రోజు కారును లారీ వెనక కట్టి లాక్కొచ్చారు. చిన్నోడు స్టీరింగ్ ముందు కూర్చుని ఉన్నాడు. దిగడు. నేనే తలుపు తీశాను.

"మలుపులో ఆగిపోయిందక్కా. వెనక నీలం పొగ. బండంతా ఊగిపోయింది. లోపల ఆరుగురున్నారు, ఇద్దరు పిల్లలు. వెనకొచ్చే లారీవాడు ఎలా తప్పించాడో నాకిప్పటికీ తెలీదు."

"ఎవరికైనా దెబ్బలు తగిలాయా?"

"లేదు. కానీ ఆ పిల్లల తల్లి నావైపు ఒక చూపు చూసిందక్కా..." అన్నాడు. వాడి చేతులు ఇంకా స్టీరింగ్‌ను వదల్లేదు.

ఇంతలో అన్నయ్య వచ్చాడు. అరవలేదు. అరిచినా బాగుండేది. చెయ్యి చాపి, "తాళాలు" అన్నాడు. చిన్నోడు ఇచ్చాడు.

"నీ చేతికి మళ్ళీ ఇవ్వను. దాన్ని ఎంత ఏడిపించావో దేవుడికి తెలుసు. ఎర్రగా కాలిన టర్బోను ఒక్క నిమిషం చల్లారనివ్వకుండా టక్కున ఆపేయడం, మళ్ళీ గుంజడం. ఎన్నిసార్లు చెప్పాన్రా నీకు? మెల్లగా, నాలాగా నడపమని?"

"తప్పయిందన్నయ్యా" అన్నాడు వాడు తల వంచుకుని.

మర్నాటి నుంచి మా తమ్ముడు స్టాండులో పక్కవాళ్ళ కార్లు కడగడం మొదలుపెట్టాడు. ఎవరైనా జాలిపడి, కారు కాస్త పక్కకు పెట్టమని తాళం ఇస్తే, వద్దని తోసేవాడట. స్టీరింగ్ పట్టుకుంటే చెయ్యి వణుకుతోందట. ఇది విన్న రోజు నాకు అన్నం సహించలేదు. వాడికి వచ్చిన విద్య అదొక్కటే. ఇంకో పని తెలీదు, ఇంకో పని చెయ్యాలని వాడెప్పుడూ అనుకోనూ లేదు.

నేను ఇంజిన్ విప్పాను. ఈ రకం ఇంజిన్లు నాకు కొత్తేం కావు, వీటి రోగాలన్నీ నాకు పాఠమే. పొద్దున్నే స్టార్ట్ చేయగానే గలగలమందంటే టైమింగ్ చైన్ సాగిందని అర్థం. ఆయిల్ తాగేవి కొన్ని. వాల్వుల మీద మసి పేరుకుని దగ్గేవి కొన్ని. వాటర్ పంపు కారేవి, కాయిల్ కాలిపోయేవి సరేసరి. అన్నయ్య మాట ప్రకారం మొదట టర్బో విప్పాను. దాని ఇరుసు వేళ్ళతో కదిపి చూస్తే వదులు లేదు. రెక్కలు శుభ్రంగా ఉన్నాయి. ఇంజిన్‌ను హద్దు మీరి తిప్పితే వాల్వులు వంగాలి. ఒక్కటీ వంగలేదు. బేరింగులు నున్నగా ఉన్నాయి. ఆయిల్ ఎప్పుడూ నా చేత్తో పోసినదే.

మూడో సిలిండర్ పిస్టన్ బయటికి తీసినప్పుడు దొరికింది. రింగులు కూర్చునే గట్టు ఒక పక్క ముక్కగా ఊడిపోయి ఉంది. మా ఆయన దీపం దగ్గరగా పట్టాడు. విరిగిన చోట కొంత భాగం కొత్తగా మెరుస్తోంది. మిగతాదంతా నల్లగా ఉంది.

"నలుపంటే పాత పగులు. నెలల నుంచీ ఉంది" అన్నాడు ఆయన. "ఊడింది మాత్రం మొన్న."

అలా విరగడం దేనివల్ల వస్తుందో మా ఇద్దరికీ తెలుసు. తక్కువ ఆర్‌పీఎంలో, పెద్ద గేరులో, నిండు బరువుతో ఎత్తు ఎక్కితే టర్బో గాలిని కుక్కేస్తుంది, ఇంజిన్ మాత్రం నెమ్మదిగా తిరుగుతుంటుంది. అప్పుడు ఏ ఆయిల్ చుక్కో మసి రవ్వో అంటుకుని, ప్లగ్గు నిప్పు వేయకముందే మంట లేస్తుంది. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే నెత్తిన సుత్తి దెబ్బ పడుతుంది. గుంజి నడిపేవాడికి ఈ రోగం రాదు. చిన్నోడి చేతిలో ఆర్‌పీఎం చూపించే ముల్లు రెండున్నర వేల కిందికి దిగిన పాపాన పోలేదు.

"మీ అన్నయ్యకు నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అన్నాడు మా ఆయన. ఆయన చెప్పేదేమిటి. బావగారి ముందు నోరు విప్పాలంటేనే ఆయనకు దగ్గొస్తుంది.

నేనే చెప్పాను. పిస్టన్ అన్నయ్య చేతిలో పెట్టి, అంతా విడమరచి చెప్పాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పుస్తకంలో పదిహేను వందలని ఉంది" అన్నాడు.

"ఉంది. అబద్ధం కాదు. బలం అక్కడ్నుంచే వస్తుంది. అలాగని ఆరుగురిని ఎక్కించుకుని, ఆరో గేరులో, ఆ బలమంతా కొండ మీద పిండమని రాయలేదు. గేరు దించితే దాని ప్రాణం హాయిగా ఉండేది. ఎప్పుడైనా ఎక్కుతున్నప్పుడు ఠంగుమని ఒక్క దెబ్బ వినిపించిందా అన్నయ్యా?"

వినిపించిందని ఆయన మొహమే చెప్పింది.

"చిన్నప్పటి నుంచీ వాడంటే నీకు మెత్తన" అన్నాడు చివరికి. "వాణ్ణి కాపాడ్డానికి నా మీద పెడుతున్నావు. స్టాండులో ఎవర్నైనా అడుగు, మా ఇద్దరిలో ఎవరు కారు పాడుచేసేవాడో." పిస్టన్ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. మెల్లగానే పెట్టాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. తిన్నగా స్టాండుకు వెళ్ళి, బకెట్టూ గుడ్డా పట్టుకుని ఎవడిదో కారు తుడుస్తున్న చిన్నోడికి మొత్తం చెప్పేశాను. వాడు నమ్మితేనా! తడి చేతులు చొక్కాకు తుడుచుకుని నన్నే మందలించాడు.

"అన్నయ్య మీద ఆ మాట అనకక్కా. పాలగిన్నె నడిపితే ఇంజిన్ పాడైందంటే నవ్విపోతారు. నా మీద ప్రేమకొద్దీ చెప్తున్నావు, నాకు తెలుసు."

"ఒరేయ్, నేను ప్రేమతో పిస్టన్లు చూస్తానట్రా? కళ్ళతో చూస్తాను!"

"అన్నయ్య ఆ మాట చెప్పాడా?"

లేదన్నాను.

"మరింకేం" అని వాడు మళ్ళీ బకెట్టు దగ్గర కూర్చున్నాడు.

అప్పుడు నాకు అర్థమైంది. నేను తలకిందులుగా తపస్సు చేసినా లాభం లేదు. ఆ చేతుల వణుకు తగ్గాలంటే అన్నయ్య ఒక్క మాట చెప్పాలి, ఇంకెవరు చెప్పినా వాడికి ఎక్కదు.

కొత్త పిస్టన్ వేసి, సిలిండర్ సరిచేసి, ఇంజిన్ మళ్ళీ కూర్చోబెట్టాను. కారు తీసుకెళ్ళడానికి అన్నయ్య వచ్చాడు, కూడా చిన్నోణ్ణి తీసుకొచ్చాడు. నా గుండె ఒక్కసారి తేలికపడింది. చెప్పబోతున్నాడు, నా అన్నయ్య మంచివాడు, అనుకున్నాను. ఆయన తాళాలు చిన్నోడి చేతిలో పెట్టాడు.

"జరిగిందేదో జరిగింది. మనసులో పెట్టుకోవడం లేదు. వెళ్ళు, నువ్వే నడుపు."

చిన్నోడి కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. అన్నయ్య రెండు చేతులూ పట్టుకున్నాడు. "నీది పెద్ద మనసన్నయ్యా. ఇంకెప్పుడూ వెనకటిలా నడపను. ముమ్మాటికీ నీలాగే నడుపుతాను."

మా ఆయన నా మోచెయ్యి పట్టుకోకపోతే నా చేతిలోని స్పానర్ ఎటు వెళ్ళేదో చెప్పలేను. క్షమించాడట! చేసినవాడు, చేయనివాణ్ణి క్షమించాడు! అన్నయ్య మాత్రం నావైపు చూడలేదు. నేను ఎవర్నీ అడక్కుండా వెనక సీట్లో ఎక్కి తలుపు వేసుకున్నాను. ఇంజిన్ చూసుకోవాలన్నాను. దారిలో డ్యామ్ కాలనీ వెళ్ళే ముగ్గురు కూలీలు చెయ్యెత్తితే వాళ్ళనూ ఎక్కించుకున్నాం.

ఘాట్ మొదలైంది. చిన్నోడు పళ్ళబిగువున స్టీరింగ్ పట్టుకున్నాడు. మూడు, నాలుగు, అయిదు. ప్రతి గేరుకూ అన్నయ్య మొహంలోకి చూస్తున్నాడు, చిన్నప్పుడు పలక చూపించినట్టు. ఆరో గేరు వేశాడు. ముల్లు పధ్నాలుగు వందలకు దిగింది. వాడి కాలు పెడల్‌ను ఇంకా కిందికి తొక్కింది. బండి చప్పుడు లేకుండా, బరువుగా, ఎక్కుతోంది.

"బాగుందా అన్నయ్యా?"

అన్నయ్య కళ్ళు ఆ ముల్లు మీదే ఉన్నాయి. నేను నోరు తెరిచాను.

"గేరు దించు" అన్నాడు అన్నయ్య.

"ఫరవాలేదన్నయ్యా, నువ్వు కంగారుపడకు. అచ్చం నీలాగే..."

"దించరా! నాలాగా వద్దు!" అని గేరు మీదున్న వాడి చేతిమీద తన చెయ్యి వేశాడు. "నాలాగా నడిపే అది పోయింది. పగలగొట్టింది నువ్వు కాదు. నేను. చెల్లి ఆ రోజే చెప్పింది."

చిన్నోడు కారును రోడ్డు పక్కకు తీసి ఆపాడు. కూలీలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

"ఆ రోజే తెలుసా?"

"తెలుసు."

"నేను బకెట్టు పట్టుకుని స్టాండులో కూర్చుంటే, రోజూ నా పక్కనుంచే వెళ్ళేవాడివి."

"అవున్రా."

చిన్నోడు తలుపు తీసుకుని దిగి, కొండ పైకి నడవడం మొదలుపెట్టాడు. నేను దిగబోతే అన్నయ్య ఆగమన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాడు. తను ఇవతలికి వచ్చి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. ఒకటో గేరు వేసి, క్లచ్ సగం తొక్కి పట్టుకున్నాడు. ఇంజిన్ గోలగోలగా అరుస్తోంది. స్టాండు మొత్తంలో ఎవరూ ఆయన బండి అంత అరవగా విని ఉండరు. అద్దం దించి, వాడి పక్కనే, వాడి నడక వేగానికే పోనిచ్చాడు.

"ఎక్కరా" అన్నాడు. "చిన్నోడా, ఎక్కరా."

వాడు తల తిప్పలేదు. అన్నయ్య మళ్ళీ పిలిచాడు. నేను వెనక సీట్లో కూర్చుని ఏడ్చాను. పైదాకా పిలుస్తూనే ఉన్నాడు, వాడు నడుస్తూనే ఉన్నాడు.