కింది స్వరం

ఆ పొద్దున పులివెందుల మీద మబ్బు పట్టింది గానీ చినుకు రాలలేదు. పెండ్లి మండపం ముందు బస్సు దిగి, నబీ రసూల్ అన్న ఆకాశం వైపు చూశాడు.

"ఈ పొద్దు వేలు పలక్కపోతే మేళం చాలించుకుంటా నారాయణా" అన్నాడు నాతో.

ఆయనది నాదస్వరం, నాది డోలు. జమ్మలమడుగు చుట్టుపక్కల ఏ పెండ్లికైనా ఇద్దరం కలిసే పోతాం.

కొన్నేండ్ల కింద ఆయన కుడి అరచేతిలో చిన్న గడ్డ లేచింది. నొప్పి లేదు. తర్వాత చర్మం కింద తాడు మాదిరి బిగిసి, ఉంగరపు వేలిని, చిటికెన వేలిని మెల్లగా లోపలికి లాక్కుంది. మొహం కడుక్కుంటే వేళ్ళు కంట్లో పొడుచుకునేవి. నాదస్వరం మీద కింది స్వరం పలికించే చివరి రంధ్రం చిటికెన వేలికి అందేది కాదు. ప్రొద్దుటూరులో ఆపరేషన్ చేసి ఆ తాడు కోసి తీశారు. వేళ్ళు చాచి ఉంచే ప్లాస్టిక్ కట్టు ఒకటి ఇచ్చారు. రాత్రి మాత్రమే కట్టుకో, పగలు విప్పి వేళ్ళు ముడుస్తూ చాస్తూ ఉండు అని డాక్టరు చెప్పాడు.

అన్న పగలు కూడా విప్పలేదు.

"ఇప్పమన్యాడు గదా ఆ డాక్టరు, ఏంది నీ మొండితనం?" అని ఆయన భార్య మాబున్ని అన్నను పోరేది.

"ఇప్పితే మళ్ళా వంగుతాది. అప్పుడు నువ్వొచ్చి ఊదుతావా?"

"నీ ఊదుడు కంటే నేను పొయ్యి ఊదేదే మేలు. కూడన్నా ఉడుకుతాది."

మళ్ళీ చూపించుకోవడానికి పోయినప్పుడు నేనూ వెంట వెళ్ళాను. డాక్టరు చెయ్యి బల్ల మీద బోర్లా పెట్టమన్నాడు. పలక మాదిరి ఆనింది. అన్న నా వైపు చూసి నవ్వాడు.

"ఇప్పుడు పిడికిలి బిగించు."

ఉంగరపు వేలు సగం వంగింది. చిటికెన వేలు కర్ర మాదిరి నిలబడింది.

"రాత్రి మాత్రమే అని చెప్పినా కదయ్యా" అని డాక్టరు తల పట్టుకున్నాడు. రోజూ వంచుతూ ఉంటే కొంత రావచ్చు, ఎంతో చెప్పలేను అన్నాడు.

ఆ వేలితోనే ఈ పెండ్లికి వచ్చాం.

తాళి కట్టేటప్పుడు గట్టిమేళం. ఆ హోరులో ఏం వాయించినా చెల్లిపోతుంది. కష్టమంతా అప్పగింతల దగ్గరే. ఆ పాట మెల్లగా కిందికి దిగాలి. అన్న దిగబోయాడు. వేలు రంధ్రం పక్కన పడింది, తుస్సుమని గాలి పోయింది. నేను డోలు గట్టిగా కొట్టి కప్పేశాను. మళ్ళీ ఆ చోటు వచ్చినప్పుడు ఆయన దిగలేదు. పై స్వరాల్లోనే తిరిగి పాట ముగించాడు. పెండ్లికూతురి తల్లి ఎప్పటిలాగే ఏడ్చింది. వీడియోవాళ్ళు ఇంకోసారి ఏడవమంటే మళ్ళీ ఏడ్చింది.

చివరి బంతిలో భోజనానికి కూర్చున్నాం. పెండ్లికూతురి నాయన మా దగ్గరికి వచ్చాడు.

"శానా బాగా వాయించినావప్పా. మా చిన్నపాప పెండ్లికీ నువ్వే రావల్ల."

అన్న నా వైపు చూశాడు. నేను ఆకు మీద నీళ్ళు చల్లుకుంటూ ఉండిపోయాను.

"వేరేవాళ్ళను చూసుకోప్పా. నేను చాలిస్తాండా."

"ఏం, దుడ్లు చాల్లేదా? ఎంత కావల్నో చెప్పు. ఊరికే బెట్టు చేస్తాండావు."

అన్న ఆకు దగ్గరికి లాక్కున్నాడు. పెండ్లికూతురి నాయన "మేళగాళ్ళతో ఎప్పుడూ ఇదే" అనుకుంటూ వెళ్ళిపోయాడు.

పప్పు వడ్డించారు. అన్న అన్నం కలుపుకున్నాడు. చిటికెన వేలొక్కటి మెతుకు తగలకుండా పక్కకు నిలబడి ఉంది. తర్వాత చారు వచ్చింది. ఇద్దరం పోయించుకుని తిన్నాం.