సిక్స్టెన్ అడవిలో రాజపిట్ట

మా జీవశాస్త్రం డిగ్రీలో రెండో ఏడు చదివేవాళ్ళకి పై ఏడు వాళ్ళు అడక్కుండానే ఇచ్చే సలహా ఒకటుంది. "సిక్స్టెన్ పిట్టల పరీక్షలో ఏం రాసినా రాయి గానీ రాజపిట్ట పేరు మాత్రం రాయకు." ఎందుకని అడిగితే ఎవరూ చెప్పరు. వాళ్ళకి వాళ్ళ పైవాళ్ళు చెప్పారు, అంతే. ఋజువు లేనిదే అమ్మ మాట కూడా నమ్మని శాస్త్రం పిల్లలం మేం. ఈ ఒక్క ముక్కని మాత్రం తాతల నాటి ఆచారంలా మోసుకొస్తున్నాం.

సిక్స్టెన్ మాకు పిట్టల పాఠం చెప్పే ప్రొఫెసరు; మా దేశంలో ప్రొఫెసరునైనా పేరు పెట్టి నువ్వనే పిలుస్తాం. ఆయన పెట్టే పరీక్ష సంగతి కాస్త చెప్పాలి. మే నెల మొదట్లో, వసంతం వచ్చిందని మంటలు వేసి రాత్రంతా తాగే పండగ తాలూకు తలనొప్పి ఇంకా పూర్తిగా దిగకముందే, తెల్లవారేసరికి ఊరి బయట అడవి అంచున నిలబడాలి. రబ్బరు బూట్లు, ఉన్ని టోపీ, ఒక పెన్సిలు, కాగితం పెట్టుకోవడానికి ఒక అట్ట. సిక్స్టెన్ ముందు నడుస్తాడు, మేం వెనక. ఒకచోట ఆగి చెయ్యి పైకెత్తుతాడు. ఆ చెయ్యి దించేదాకా దగ్గకూడదు, ముక్కు చీదకూడదు. అంతసేపట్లో చుట్టుపక్కల ఏయే పిట్టలు పాడాయో వాటి పేర్లన్నీ రాయాలి. ఆయన కూడా రాసుకుంటాడు, ఆయన రాసుకున్నదే జవాబు పత్రం. విన్న పిట్టకి ఒక మార్కు వస్తుంది. పాడని పిట్టని రాస్తే ఒక మార్కు పోతుంది.

కిందటేడు ఆ కోతకే బలై పరీక్ష తప్పాను నేను. ఈ చోట ఈ పిట్ట ఉండి తీరాలి కదా అని తర్కం పెట్టుకుని రాసుకుంటూ పోయాను. కాగితం తిరిగి ఇస్తూ సిక్స్టెన్, "టీరా, నీది ఎముక లేని చెయ్యి. లేని పిట్టల్ని కూడా అడవికి దానం చేశావు," అన్నాడు. అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది గానీ ఆయనన్నది నిజమే.

ఈ ఏడు కొత్త రెండో ఏటి వాళ్ళతో కలిసి మళ్ళీ రాస్తున్నాను. రెండోసారి రాసేవాళ్ళకి ఒక్క కోత పడ్డా తప్పినట్టే, ఈసారి తప్పితే నవ్వి ఊరుకునే వ్యవహారం కాదు. సముద్రంలో ఒక దీవి మీద పిట్టల కేంద్రం ఉంది. వలస వచ్చే పిట్టల్ని వలల్లో పట్టి, కాళ్ళకి ఉంగరాలు తొడిగి వదిలిపెట్టే చోటు. ఈ వేసవికి నన్ను తీసుకుంటామన్నారు, కాకపోతే సిక్స్టెన్ పరీక్ష పాసై రావాలన్నారు. పిట్టల్ని చేతిలో పట్టుకుని చూసే అవకాశం మా చదువులో ఇంకెక్కడా లేదు. నాకు ఆ దీవి కావాలి. దాని బదులు ఇంకేం ఇస్తానన్నా వద్దు.

అందుకని చలికాలమంతా చెవులకి పదును పెట్టాను. బస్సులో, గిన్నెలు కడుగుతూ, మంచులో సైకిలు తోసుకుంటూ పిట్టల రికార్డింగులే విన్నాను. మా హాస్టల్లో పక్క గది ఐనార్‌ది. వాడూ నా క్లాసే. ఒక రోజు వంటగదిలో నన్ను పట్టుకున్నాడు.

"నీ గదిలోంచి వారం రోజులుగా గుడ్లగూబ అరుస్తోంది. నువ్వా, అదా?"

"వంతులవారీగా."

"నీకో దండం తల్లీ. గోడకి ఇవతల మనుషులుంటున్నారు."

"అయితే గుర్తుపట్టడం నువ్వూ నేర్చుకో. ఉచితంగా చెబుతున్నాను."

మార్చికల్లా నాకు ధీమా వచ్చేసింది. గొప్పలు పోతున్నాననుకున్నా సరే, మా క్లాసులో నా అంత చెవి ఇంకొకరికి లేదు. ఊహించి రాసే రోగం కూడా కుదిరిపోయింది. వింటే రాస్తాను, వినకపోతే రాయను, అంతే.

పరీక్ష రోజు గడ్డి మీద ఇంకా మంచు పట్టి ఉంది. నాకు మాత్రం పెళ్ళికి వెళ్తున్నంత హుషారుగా ఉంది. మొదటి చోట నల్లపిట్ట, ఎర్రరొమ్ము పిట్ట, దూరంగా వడ్రంగిపిట్ట. వాగు దగ్గర ఇంకొన్ని. సిక్స్టెన్ చెయ్యి ఎత్తేలోపే సగం పేర్లు నా మనసులో సిద్ధంగా ఉంటున్నాయి. ఐనార్ నావైపు చూసి కళ్ళెగరేశాడు, ఏంటా పరుగు అన్నట్టు.

దేవదారు లాంటి పాత స్ప్రూస్ చెట్ల గుంపు దగ్గర సిక్స్టెన్ ఆగి చెయ్యెత్తాడు. అప్పుడు విన్నాను. ఎడమవైపు, చెట్టు పైభాగాన, సూది మొనంత సన్నని పాట. పైకీ కిందకీ ఊగుతూ వచ్చి చివర్న చిన్న విరుపుతో ఆగింది. మళ్ళీ మొదలైంది. రాజపిట్ట! బొటనవేలంత ఒళ్ళు, నెత్తిన పసుపుపచ్చ గీత, దేశంలో దానికన్నా చిన్న పిట్ట లేదు. అనుమానానికి తావే లేదు.

పక్కకి చూశాను. ఐనార్ పెన్సిలు కాగితానికి ఆనింది, కదలబోయింది, ఆగిపోయింది. నా చూపు పసిగట్టి తల అడ్డంగా ఊపాడు. వద్దు అని.

నేను రాశాను. పెద్ద పెద్ద అక్షరాలతో రాశాను.

సిక్స్టెన్ కాగితాలు దిద్దేది అక్కడే, అడవిలోనే. నడక అయిపోగానే ఆయన ఒక మొద్దు మీద కూర్చుని పెన్సిలు తీస్తాడు. మేం ఫ్లాస్కుల్లో కాఫీ, దాల్చినచెక్క బన్నులు ముందేసుకుని గుండెలు చిక్కబట్టుకుని కూర్చుంటాం. ఒక్కొక్కరినే పిలిచి చెబుతున్నాడు. ఐనార్ మంచి మార్కులతో పాసయ్యాడు. నా పేరు ఆఖర్న వచ్చింది.

"టీరా, ఒక్క కోతతో పోయింది."

కాఫీ చేతిలో ఉందన్న సంగతి మరిచిపోయి లేచాను. సగం బూట్ల మీద పడింది.

"ఎక్కడ పోయింది?"

"రాజపిట్ట రాశావు. దానికి కోత. మిగతాదంతా బాగుంది. నిజం చెప్పాలంటే అందరికన్నా బాగుంది. అందుకే నాకూ బాధగా ఉంది."

"అది పాడింది, సిక్స్టెన్."

"పాడలేదు."

"స్ప్రూస్ చెట్ల దగ్గర, ఎడమవైపు, పైన. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ పాడింది."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కోపం రాలేదు ఆయనకి, అదే ఇంకా చిరాకనిపించింది. "ఈ అడవిలో పిట్టల్ని ప్రతి వసంతం నేనే లెక్కపెడతాను. రాజపిట్టలు ఏటేటా తగ్గుతూ వచ్చి చివరికి బొత్తిగా లేకుండా పోయాయి. పాత చెట్లని అలా కొట్టుకుంటూ పోతే ఇంకేం మిగులుతాయి? ఆ కొట్టేవాళ్ళతో నేనెంత పోట్లాడానో నీకేం తెలుసు! ఒక్కటి కనిపించినా పండగ చేసుకునేవాణ్ణి. పోనీ నా మాట వదిలెయ్. ఇన్ని కాగితాలున్నాయి, ఇంకొక్కరు రాశారా?"

నేను వెనక్కి తిరిగాను. క్లాసు క్లాసంతా కాఫీ కప్పుల్లోకి చూస్తోంది. ఐనార్ తన బన్నులో ఏదో కొత్త జాతి జీవి దొరికినట్టు దాన్నే పరిశీలిస్తున్నాడు.

"ఒరేయ్ ఐనార్, నువ్వు విన్నావా లేదా?"

"మధ్యలో నన్నెందుకు లాగుతావే?"

"విన్నావా, లేదా?"

వాడు బన్ను కొరికాడు. నోరు ఖాళీ లేదని చేత్తో సైగ చేశాడు.

నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే రకాన్ని కాదు. నాలుగో కాలు చూపిస్తే ఒప్పుకుంటాను. చూపించాలి మరి. "వీళ్ళతో మనకేం పని? క్లాసులో నువ్వే కదా అంటావు, పుస్తకాన్నీ అడగొద్దు, ప్రొఫెసర్నీ అడగొద్దు, పిట్టని అడగమని. పద, వెళ్ళి అడుగుదాం," అన్నాను.

ఎవరో కిసుక్కుమన్నారు. సిక్స్టెన్ ఒక క్షణం నన్నే చూసి, ఫ్లాస్కు మూత బిగించి లేచాడు. "న్యాయంగానే ఉంది. పద."

ఆయనా నేనూ ముందు నడిచాం. తమాషా చూద్దామని మిగతావాళ్ళూ వెనకే వచ్చారు. స్ప్రూస్ చెట్ల కింద నిలబడ్డాం. పిట్ట లేదు, పాట లేదు. నా ధీమా కొంచెం జారిన మాట వాస్తవం. దీవి, వలలు, ఉంగరాలు అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. ఈ పిట్ట ఇప్పుడు నోరు విప్పకపోతే దాని జాతినంతటినీ జన్మలో క్షమించకూడదనుకున్నాను.

విప్పింది.

"అదిగో!" వేలు పైకెత్తాను.

సిక్స్టెన్ కళ్ళు మూసుకుని తల వంచి విన్నాడు. "ఎర్రరొమ్ము పిట్ట. వాగు వైపు నల్లపిట్ట."

"అవి కాదు. పైన."

"పైనేం లేదు."

"మళ్ళీ పాడింది. ఇదిగో, ఇప్పుడు!"

"టీరా, నాకేం వినిపించడం లేదు."

చెవుడా నీకు, అనబోయాను. మాట నాలుక చివరిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే పిట్ట కొమ్మల్లోంచి కిందకి దిగి, మా ఎదురుగా, చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో వాలింది. దానికి మనుషులంటే భయం లేదు. నెత్తిన పసుపు గీత మెరిసింది. ముక్కు తెరిచి పాట అందుకుంది.

సిక్స్టెన్ బైనాక్యులర్ ఎత్తాడు. అంత దగ్గరి పిట్టకి అది అక్కర్లేదు, అలవాటు కొద్దీ ఎత్తాడంతే. వెంటనే దించేశాడు. పిట్ట ముక్కు తెరుచుకుని ఉంది. గొంతు దగ్గర ఈకలు వణుకుతున్నాయి. చిన్న ఒళ్ళంతా కదిలిపోయేలా పాడుతోంది. ఆయన దాని నోటివైపే చూస్తున్నాడు.

"పాడుతోందా?" అన్నాడు మెల్లిగా.

"పాడుతోంది."

పిట్ట ముక్కు మూసింది. "ఇప్పుడు ఆపింది కదూ?"

"ఆపింది."

ముక్కు మళ్ళీ తెరుచుకుంది. ఈసారి ఆయన అడగలేదు.

నా కోపమంతా ఎక్కడికి పోయిందో తెలియదు. గెలవాలని వచ్చాను, గెలిచాను, నాకు ఏడుపొచ్చింది. వయసు మళ్ళితే ముందుగా పోయేది ఇలాంటి సన్నటి శబ్దాలేనని రెండో ఏటి పాఠ్యపుస్తకంలోనే ఉంది. అది చదివిన ఏ ఒక్కరికీ సిక్స్టెన్‌కి కూడా చెవులున్నాయని తట్టలేదు. ఆయనకీ తట్టలేదు. వినిపించని పాట వినిపించడం లేదని ఎవరికి మాత్రం ఎలా తెలుస్తుంది?

ఆయన వెనక్కి తిరిగాడు. "ఇది ఎంతమందికి వినిపిస్తోంది?"

చేతులు లేచాయి. అన్నీ లేచాయి.

"ఇందాక పరీక్షలో వినిపించిందా?"

ఒక్క చెయ్యీ దిగలేదు.

"మరెందుకు రాయలేదు?"

ఐనారే నోరు విప్పాడు, ఈసారి బన్ను లేదు గనక. "నీ పరీక్షలో రాజపిట్ట రాస్తే మార్కు పోతుందని పైవాళ్ళు చెప్పారు. వాళ్ళకి వాళ్ళ పైవాళ్ళు చెప్పారట. నీకదేదో పట్టింపనుకున్నాం."

"ఎన్నేళ్ళ నుంచి?"

"తెలీదు. చాలా ఏళ్ళ నుంచే."

సిక్స్టెన్ నాచు మీద అలాగే కూలబడ్డాడు. ప్యాంటు తడిసిపోతుందన్న ధ్యాస కూడా లేదు. నేను పక్కన గొంతుక్కూర్చున్నాను. ఆయన చేతులతో మొహం కప్పుకున్నాడు. కాసేపటికి చేతులు తీసి చూస్తే ఆ మొహం వెలిగిపోతోంది.

"అయితే అవి పోలేదన్నమాట!" అన్నాడు. "టీరా, అవి ఇక్కడే ఉన్నాయి!"

"ఉన్నాయి. చెట్ల గుంపుకి అవతల ఇంకోటి జవాబు పాడుతోంది. పొద్దున దారిలో కూడా విన్నాను. నువ్వు చెయ్యెత్తిన చోటు కాదు గనక రాయలేదు."

"ఇన్నేళ్ళూ ఉత్త పుణ్యానికి ఏడ్చాను," అని నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. "ఇప్పుడా చెట్లు కొట్టేవాళ్ళకి నేను క్షమాపణ చెప్పుకోవాలా ఏంటి? చెప్పను. వాళ్ళవి వేరే పాపాలు చాలా ఉన్నాయి."

ఆ నవ్వు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. నా సంగతి గుర్తొచ్చింది. "సిక్స్టెన్, నా మార్కు?"

"అమ్మో, నువ్వు వదలవు!" అని మోకాలి మీద అట్ట పెట్టుకుని నా కాగితం దిద్దాడు. పాస్ అని రాసి సంతకం పెట్టాడు. ఆ తర్వాత తల ఎత్తి మిగతావాళ్ళని కలయజూశాడు. "విని కూడా రాయని మహానుభావులందరికీ తలా ఒక మార్కు కోత."

"అన్యాయం!" అన్నాడు ఐనార్.

"నీకు రెండు కొట్టాలి. తల అడ్డంగా ఊపడం చూశాను. చెవులు పోయాయి గానీ కళ్ళు ఉన్నాయి నాకు."

కోత పడ్డా ఐనార్ పాసయ్యాడు, దాంతో వాడూ నవ్వాడు. నేను మాత్రం వాడితో హాస్టల్ దాకా మాట్లాడలేదు.

మర్నాడు రెండో జట్టుకి పరీక్ష. పొద్దున్నే రమ్మని సిక్స్టెన్ నాకు కబురు పెట్టాడు. అడవి అంచున వాళ్ళందరి ముందూ నన్ను తన పక్కన నిలబెట్టుకున్నాడు.

"ఈమె టీరా. నాకు రాజపిట్ట పాట వినిపించదు. ముసలితనం. నాకు తెలియకుండానే చాలా ఏళ్ళు తప్పు దిద్దాను. ఇవాళ్టి నుంచి రాజపిట్టకి జవాబు పత్రం ఈమెది. మిగతా పిట్టలకి నాదే, వాటి జోలికి రావద్దు." గొంతు తగ్గించలేదు, ఎటో చూస్తూ చెప్పలేదు. అంత ధైర్యంగా తన తప్పు చెప్పుకున్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

స్ప్రూస్ చెట్ల దగ్గర ఆయన చెయ్యెత్తాడు. పిట్ట పాట ఎత్తుకుంది. నేను నా కాగితం మీద రాసుకున్నాను. సిక్స్టెన్ చెట్లవైపు చూడటం లేదు, పిల్లల చేతులవైపు చూస్తున్నాడు. పెన్సిళ్ళన్నీ ఒక్కసారిగా కదిలాయి. ఆ కదలిక ఆగేదాకా చూసి, నా కాగితం అడగకుండానే, తన కాగితం మీద రాజపిట్ట అని రాసుకున్నాడు. చెవితో వినని పిట్టని రాయడం ఆయన జీవితంలో అదే మొదటిసారి.