కుక్కర్ దాకా నడక

డెల్మర్ హౌగెన్ నవంబరులో తను నడిపే పాల లారీ మెట్టు మీంచి జారిపడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి ఇంటికి పంపేసరికి క్రిస్మస్ వచ్చేసింది. వాకర్ పట్టుకుని ఇంట్లో తిరగమన్నారు, గుమ్మం మాత్రం దాటొద్దన్నారు. మా విస్కాన్సిన్‌లో వాకిలి మెట్లు మంచు గడ్డకట్టి ఏప్రిల్ దాకా గాజుపలకల్లా ఉంటాయి. అంటే ఏప్రిల్ దాకా ఆయనకి ఇల్లే లోకం.

పిల్లల్లేరు. భార్య ఆర్డిత్ అప్పటిదాకా ఇల్లు చూసుకునేది. జనవరిలో ఊళ్ళో చేతి తొడుగులు కుట్టే ఫ్యాక్టరీలో చేరింది. పక్క పొలం ఫెర్న్ ఎన్నో ఏళ్ళుగా అక్కడే పనిచేస్తోంది. తెల్లారకముందే కారులో ఎక్కించుకుని, చీకటి పడ్డాక దింపేది.

ఇక వంటెలా అన్నది మొదటి వారమే తేలిపోయింది. ఆర్డిత్ ఇల్లు చేరి, బూట్లు విప్పి, పొయ్యి వెలిగించేసరికి డెల్మర్ కళ్ళు మూతలు పడుతూ ఉండేవి. తన చెల్లెలు కానుకగా ఇచ్చిన స్లో కుక్కరొకటి ఫెర్న్ ఇంట్లో వాడకుండా పడి ఉంది. నారింజరంగు మట్టికుండ, కింద కరెంటు, పైన గాజుమూత. దాన్ని తెచ్చి ఆర్డిత్ చేతిలో పెట్టింది.

"పొద్దున మాంసం, దుంపలు, ఒక సూప్ డబ్బా పడేసి మూత పెట్టు. వచ్చేసరికి అదే ఉడికి ఉంటుంది. మా ఆయనకన్నా నయం, చెప్పిన మాట వింటుంది" అంది ఫెర్న్. "ఒక్కటి గుర్తుపెట్టుకో. మధ్యలో మూత తీయకూడదు. తీసిన ప్రతిసారీ వేడి పోతుంది, మళ్ళీ అంతా మొదటికొస్తుంది."

నాలుగు రోజులు బ్రహ్మాండంగా నడిచింది. తలుపు తీయగానే ఇల్లంతా ఉల్లిపాయ వాసన. గొడ్డుమాంసం చెంచా తగిలితే విడిపోయేది. తర్వాత ఏమైందో, క్యారెట్లు కటకటమనడం మొదలుపెట్టాయి. మాంసం ఎంత నమిలినా నోట్లోనే ఉండేది.

"నువ్వు ఇంట్లో ఉన్నప్పుడు ఇలా ఉండేది కాదు" అన్నాడు డెల్మర్, కంచం పక్కకి జరుపుతూ.

ఆర్డిత్ ప్లగ్గు మార్చి చూసింది. దుంపలు చిన్నగా తరిగి చూసింది. లాభం లేకపోయింది. ఫెర్న్‌తో చెబితే ఆవిడ స్టీరింగ్ మీంచి కళ్ళు తిప్పకుండా, "కుండలో లోపం లేదు పిల్లా. ఎవరో మూత తీస్తున్నారు. మీ ఇంట్లో ఉండేది ఎంతమంది?" అంది.

ఆ సాయంత్రం ఆర్డిత్ అడిగేసింది. "డెల్, నువ్వు మూత తీస్తున్నావా?"

"నాకేం పని?" అన్నాడు, టీవీ వైపే చూస్తూ.

ఆమె నమ్మలేదు. అన్నం సరిగ్గా అమరకపోతే ఉద్యోగం మానేస్తుందని చూస్తున్నాడనుకుంది. మానడం తన వల్ల కాదని ఆమెకి అప్పటికే తెలుసు. చలి రాకుండా ఇంట్లో కిటికీలన్నిటికీ ప్లాస్టిక్ అంటించి ఉంది. వెలుతురు పాలనీళ్ళలా వస్తుందేగాని బయట ఏముందో కనపడదు. ఇల్లు వెచ్చబెట్టే పొయ్యినూనె వాసన, మందుల వాసన, వాకర్ రబ్బరు కాళ్ళు నేలకి తగిలే చప్పుడు. పొద్దున కారు తలుపు వేసుకున్నాకే ఆమెకి ఊపిరాడేది. సాయంత్రం ఇంటి దీపం కనపడగానే సీట్లోంచి లేవబుద్ధయ్యేది కాదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. తుంటి విరిగిన మనిషిని ఇంట్లో పెట్టుకుని అలాంటి మాట ఎవరికి చెబుతుంది?

మర్నాడు పొద్దున డెల్మర్ ఇంకా పడుకుని ఉండగానే, ఆయన కట్లకి వాడే తెల్ల ప్లాస్టర్ తీసి, మూతనీ కుండనీ కలిపి చుట్టూ అంటించేసి వెళ్ళిపోయింది.

సాయంత్రం ప్లాస్టర్ అంటించింది అంటించినట్టే ఉంది. మాంసం వెన్నలా ఉడికింది. డెల్మర్ ముట్టలేదు.

"కుండకి కట్టు బాగా కట్టావు. నర్సుగా చేరాల్సింది" అన్నాడు.

"తిను, డెల్."

"రేపు నా నోటిక్కూడా వేసి వెళ్ళు. పనైపోతుంది."

ఆ తర్వాత ఇద్దరూ మాట్లాడుకోలేదు. మామూలు రోజులైతే ఎలాగో గడిచిపోయేవి. కాని శుక్రవారం సాయంత్రం మొదలైన మంచు ఆదివారమైనా ఆగలేదు. రోడ్డు కప్పబడిపోయింది, మంచు తోసే బండి జాడ లేదు. తలుపు తోస్తే గుప్పెడంత సందు కూడా రావడం లేదు. కరెంటు మాత్రం పోలేదు. ఆర్డిత్ కుక్కర్లో బీన్స్, పందిమాంసం వేసి మూత పెట్టింది. ప్లాస్టర్ వేయలేదు. వేయడానికి సిగ్గేసింది.

మేడమీద దుప్పట్లు మడతపెడుతుంటే కింద వాకర్ చప్పుడు వినిపించింది. ఆమె నెమ్మదిగా మెట్ల మలుపు దాకా దిగి ఆగింది. అక్కణ్ణుంచి వంటిల్లు కనపడుతుంది.

డెల్మర్ కుర్చీలోంచి లేచి వస్తున్నాడు. వాకర్ ముందుకి జరిపి, బరువు దాని మీద వేసి, పళ్ళు బిగించి కాలు లాక్కుని, మళ్ళీ జరిపి. గది దాటడానికి చాలాసేపు పట్టింది. కుక్కర్ ఉన్న వంటగట్టు దగ్గరకొచ్చి ఒక చేత్తో ఆనుకుని, ఇంకో చేత్తో మూత ఎత్తాడు. ఆవిరి లేచి కళ్ళద్దాలు మసకబారాయి. తుడుచుకోలేదు. అలాగే ముఖం పెట్టి నిలబడ్డాడు. తర్వాత మూత పెట్టి, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. ఆయాసం తీరాక, కాసేపటికి మళ్ళీ లేచాడు.

రెండోసారి ఆయన గట్టు దగ్గరికొచ్చేసరికి ఆర్డిత్ కిందికి దిగింది.

"ఎందుకు తీస్తున్నావు?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. మూత చేతిలోనే ఉంది, నీళ్ళు కారుతున్నాయి.

"డాక్టరు నడవమన్నాడు" అన్నాడు. "ఎక్కడికి నడవను? గోడ దాకా వెళ్ళి గోడని చూసి రావడం ఎన్నిసార్లు? నువ్వు వెళ్ళాక ఈ కొంపలో చప్పుడు చేసేది ఇదొక్కటే. లోపల బుడబుడమంటుంది. వచ్చి చూస్తాను. చూడ్డానికి ఏదో ఒకటి ఉంటే కాలు లేస్తుంది."

"అడిగిన రోజు అబద్ధమెందుకు చెప్పావు మరి?"

"నలభై ఏళ్ళవాణ్ణి, కుండలో తొంగి చూస్తున్నానని చెప్పనా?" మూత జాగ్రత్తగా పెట్టాడు. "ఇంకోటి కూడా ఉంది. మొదట్లో ఊరికే చూశాను. తర్వాత, దుంప ఉడక్కపోతే నువ్వు విసిగి మానేస్తావని కూడా అనుకున్నాను. రెండూ నిజమే."

ఆర్డిత్ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆయన మీద జాలేసింది, ఒళ్ళు మండింది, ఏది ముందో ఆమెకే తెలియలేదు.

"నేను మానను" అంది.

"తెలుసు."

"తెలియదు నీకు. సాయంత్రం మన ఇంటి దీపం కనపడగానే ఫెర్న్‌ని కారు ఇంకో చుట్టు తిప్పమని అడగాలనిపిస్తుంది. రోజూ. ఇంతవరకూ అడగలేదు."

డెల్మర్ తల వంచుకుని వాకర్ రబ్బరు పిడిని గోకుతూ నిలబడ్డాడు. "నీ చోట ఉంటే నేనైనా తిప్పమనేవాణ్ణే" అన్నాడు.

వాళ్ళు కౌగిలించుకోలేదు, ఏడవలేదు. వెళ్ళడానికి ఇంకో చోటు లేదు కాబట్టి ఆ వంటింట్లోనే కూర్చున్నారు. బీన్స్ ఉడకలేదు. రొట్టెముక్కలు పాలలో ముంచుకుని తిన్నారు.

మంగళవారం దారి తెరుచుకుంది. వెళ్ళేముందు ఆర్డిత్ మాంసం, ఉల్లిపాయలు, కత్తి గట్టు మీద పెట్టింది. కుండ ఖాళీగా వదిలేసింది.

"ఇదేంటి?" అన్నాడు డెల్మర్.

"ఇవాళ్టి నుంచి వంట నీది. మూత నీ ఇష్టం."

"నాకు రాదు."

"నాకూ మిషను కుట్టడం వచ్చేది కాదు."

ఆ సాయంత్రం ఆమె వచ్చేసరికి ఆయన కోపంగా ఉన్నాడు. నిలబడి తరగడం కాలుకి పడలేదట, వేలు తెగిందట, అంతా వేసి మూత పెట్టేసరికి మధ్యాహ్నం దాటిందట. మాంసం ఇంకా ఉడుకుతూనే ఉంది. ఆకలితో కడుపు మాడుతున్నా ఇద్దరూ బల్లకి ఎదురెదురుగా కూర్చుని ఎదురుచూశారు. ఉప్పు రెండుసార్లు వేసినట్టున్నాడు. ఆర్డిత్ నీళ్ళు తాగుతూ కంచం ఖాళీ చేసింది. బాగుందని అనలేదు.

ఆ తర్వాత రోజూ ఆయనే వండాడు. చేయగా చేయగా ఉప్పు కుదిరింది. రోజంతా గట్టుకీ, గూటికీ, కుర్చీకీ మధ్య తిరుగుతూ ఉండటంతో మార్చి నాటికి వాకర్ వదిలి కర్రతో నడిచాడు. పాల లారీ మాత్రం మళ్ళీ ఎక్కలేకపోయాడు. వేసవిలో డెయిరీవాళ్ళు ఆయన్ని లోపల కూర్చుని చేసే పనిలో పెట్టారు. కిటికీ లేని గది. రోజూ తిట్టుకుంటూనే వెళ్ళేవాడు.

ఆర్డిత్ ఫ్యాక్టరీ మానలేదు. మంచు కరిగాక ఒక శనివారం, ఎక్కడికని చెప్పకుండా ఇంట్లో ఉన్న పాత కారు తీసుకుని సరస్సు దాకా వెళ్ళింది. కారు దిగలేదు. మంచుగడ్డ కరిగి కొత్తగా తేలిన నీళ్ళు చూస్తూ మధ్యాహ్నమంతా అక్కడే కూర్చుంది. తిరిగొచ్చాక డెల్మర్ ఎక్కడికెళ్ళావని అడగలేదు. వాకిట్లో పచ్చిక మీద కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఆమెకి కూడా ఒక కుర్చీ జరిపాడు. ఆమె కాసేపు నిలబడి, తర్వాత కూర్చుంది.